అల్లుడికి కావలసిన తగాదా

మా కుప్పానికి, అంటే పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న మా జాలరిపల్లెకు, కాగితాలు పట్టుకుని ఎవరు వచ్చినా ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తారు. తర్వాత పోయిన వలల లెక్క చెబుతారు. తుఫాను వచ్చి ఎన్నాళ్ళయిందన్న పట్టింపు ఉండదు. కాగితం వచ్చిందంటే ఎక్కడో నష్టం జరిగే ఉంటుందని నమ్మకం. ఈ అలవాటు సంగతి తెలియక ఒకాయన, తెలిసీ నోరు విప్పక నేను, ఇద్దరం కలిసి ఒక అంతర్జాతీయ తగాదాను తయారుచేశాం.

ఆ ఒకాయన కిషోర్ బాబు. నెల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పేవాడు. నాకు ఏడో తరగతి దాకా చదువు చెప్పిన లాజరస్ పంతులుగారి కూతురు రెజీనాను చేసుకున్నాడు కాబట్టి ఊరందరికీ అల్లుడు. మా ఊళ్ళో అల్లుడు నోరు తెరిచి అడిగింది లేదనకూడదు. ఎవరింటి అల్లుడైనా సరే, ఏ దేవుడికి మొక్కేవాడైనా సరే. ఒకప్పుడు ఒక అల్లుడు కార్తీక మాసంలో తాటిముంజెలు అడిగాడు. దొరకవని చెప్పలేక లేతకొబ్బరి గుండ్రంగా చెక్కి తాటాకులో పెట్టి ఇచ్చారు. ఈ ఊరి ముంజెల రుచి ఎక్కడా లేదని ఆయన ఇప్పటికీ చెబుతుంటాడు.

కిషోర్ బాబు ముంజెలు అడగలేదు. ఆయనకు కావలసింది వేరు.

ఆయన మా పాడు మీద ఒక వ్యాసం రాశాడు. పాడు అంటే పెద్ద సంగతేం కాదు. పులికాట్ నీళ్ళు కొన్ని మనవి, కొన్ని తమిళనాడువి. ఆ గీత మ్యాపులో కనిపిస్తుంది, నీళ్ళలో కనిపించదు. మా కుప్పమూ అవతలి కుప్పమూ వల వేసేది ఒకే చోట. ఏ వారం ఎవరి వంతో ఏడాదికొకసారి ఇసుకలో కూర్చుని చీట్లు తీసి తేల్చుకుంటాం. అదే పాడు. మా తాతల నాటి నుంచీ ఉంది. చీట్లు తీసే ముందు ఒక ప్రశ్న అడిగే ఆచారం కూడా ఉంది గానీ, దాన్ని గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన పాడు ఎప్పుడూ చూడలేదు. మామగారు చెబితే రాసుకున్నాడు.

ఆ వ్యాసాన్ని ఏదో చల్లటి దేశంలో వెలువడే పత్రికకు పంపాడు. దేశాల మధ్య జరిగే సంగతుల మీద వచ్చే పెద్ద పత్రికట. అక్కడ వ్యాసం వెయ్యాలా వద్దా అన్నది ఇద్దరు పండితులు చదివి తేలుస్తారు. వాళ్ళ పేర్లు బయటికి చెప్పరు. మొదటి ఆయన బాగుందన్నాడు. రెండో ఆయన కూడా బాగుందనే మొదలుపెట్టాడు. ఆ తర్వాత, రెండు రాష్ట్రాల మధ్య నీళ్ళున్నాయి సరే, ఘర్షణ ఎక్కడ, ఘర్షణే లేకపోతే వివరించడానికి ఏముంది, దానికి సంబంధించిన సమాచారం చేర్చి మళ్ళీ పంపండి అని రాశాడు.

వీళ్ళు కొట్టుకోకుండా ఎలా బతుకుతున్నారు అన్నది కూడా వివరించదగ్గ విషయమేనని నాకనిపించింది. కానీ నేను పండితుణ్ణి కాను.

కిషోర్ బాబు పరిస్థితి ఏమంటే, జూన్ లోపల అలాంటి పత్రికలో ఒక వ్యాసం చూపిస్తే ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. లేకపోతే కాంట్రాక్టు పొడిగించరు. ఏడేళ్ళుగా ప్రతి జూన్‌లోనూ ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరుతున్నాడు. ఈసారి ఆ వీలు కూడా లేదు. ఆయన పాఠం బాగా చెబుతాడా లేదా అని ఎవరూ అడగలేదట. అడిగితే బాగుండేది. పంతులుగారి ఇంట్లో పండక్కి కూర్చుని మాకు ఐక్యరాజ్య సమితి గురించి చెప్పాడొకసారి. ఎండుచేపలమ్మే ఆదిశేషమ్మకు కూడా అర్థమైంది. "అంటే మన పెద్దల కూటమే, కాకపోతే మాట వినేవాళ్ళుండరు" అంది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున రేవుకు వచ్చాడు. నేను పడవ అడుగుకు తారు పూస్తున్నాను. ఆదిశేషమ్మ పక్కనే ఎండుచేపలు ఏరుతోంది.

"మామా, మీకూ అవతలి కుప్పం వాళ్ళకూ ఎప్పుడైనా కొట్లాట జరిగిందా?"

"లేదు."

"బాగా ఆలోచించి చెప్పండి మామా. నా ఉద్యోగం దీని మీద ఉంది."

ఆలోచించాను. ఏమీ గుర్తు రాలేదు. రెండోసారి కూడా లేదని చెప్పాల్సింది. ఒకసారి చెప్పిన మాటే మళ్ళీ చెప్పడం నాకు అలవాటు లేదు. ఊరుకున్నాను. చదువుకున్నవాళ్ళ ముందు ఊరుకోకూడదని అప్పటికి నాకు తెలియదు. వాళ్ళు ఆ ఖాళీలో రాసుకుంటారు.

ఆదిశేషమ్మ చేపలు పక్కన పెట్టింది. "ఏందిరా ఓబయ్యా, అల్లుడు అంతగా అడగతా ఉండాడు. ఒక్క కొట్లాటకు గూడా గతిలేని ఊరా మనది?"

ఆ మాటకు ఊరు కదిలింది.

మరుసటి ఆదివారం కిషోర్ బాబు అచ్చువేసిన ఫారాలు తెచ్చాడు. వలలు అల్లే పాకలో కూర్చున్నాడు. నలభై ఆరు ఇళ్ళ వాళ్ళూ వరసగా వచ్చారు. గత పదేళ్ళలో అవతలి వాళ్ళ వల్ల మీకేమైనా నష్టం జరిగిందా అన్నది మొదటి ప్రశ్న. నష్టం అన్న మాట వినగానే జనానికి ఆ ఫారం మీద గౌరవం పెరిగింది. ఆయన అడగనివి కూడా చెప్పారు. సాయంత్రానికి నూట పన్నెండు వలలు చిరిగాయి. ముప్పై ఒక్క పడవలు పగిలాయి. మా ఊరికి ఉన్నవి పంతొమ్మిది పడవలు.

కుప్పం పెద్ద కామాక్షయ్య పంచె పైకి లాగి మోకాలి కింద మచ్చ చూపించాడు. "తెడ్డుతో కొట్టినారు నాయనా. రాసుకో." ఆ మచ్చ సూళ్ళూరుపేట బస్టాండు దగ్గర మోటారు సైకిల్ మీద నుంచి పడినప్పటిది. ఆయన్ని ఆస్పత్రికి తీసుకుపోయింది నేనే.

ఆదిశేషమ్మ అందరికంటే ముందుకు పోయింది. "మా ఇంటాయన్ని మూడు దినాలు అటకాయించి పెట్టుకున్నారు."

"ఎవరు అత్తా? ఏ సంవత్సరం?"

"వాళ్ళే. అవతలోళ్ళు. సంవత్సరం నువ్వే యాదో ఒకటి వేసుకో నాయనా, నీకు ఏది అనుకూలంగా ఉంటే అది."

వాళ్ళాయన తమ్ముడి బావమరిది పెళ్ళికి అవతలికి పోయి, తాగి, మూడు రోజులు లేవలేదు. వాళ్ళు కాపలా కాసి, మజ్జిగ తాగించి, పడవ మీద తెచ్చి దింపారు. అది ఫారంలో 'బందీ' అని పడింది.

కిషోర్ బాబు తెలివితక్కువవాడు కాదు. రేవులో పడవలు ఆయన కళ్ళ ముందే ఉన్నాయి. ఫారాలు సంచిలో పెట్టుకుంటూ నా వైపు చూశాడు.

"ఇదంతా నిజమేనా మామా?"

"రాసుకున్నావు గదా."

ఆయన పడవల వైపు మళ్ళీ ఒకసారి చూశాడు. తర్వాత సంచి జిప్పు వేశాడు.

కొత్త వ్యాసం రెండో ఆయనకు చాలా నచ్చింది. తక్కువ తీవ్రత గల ఘర్షణకు ఇంత చక్కటి ఉదాహరణ ఈ మధ్య చూడలేదని రాశాడట. వలలు లెక్కపెట్టమని గానీ, పంతొమ్మిది పడవల్లో ముప్పై ఒకటి ఎలా పగిలాయని గానీ అడగలేదు. ఒకే ఒక లోపం కనిపెట్టాడు. ఈ విషయం మీద ఇంతకు ముందు వచ్చిన ఆరు ముఖ్యమైన పుస్తకాలను వ్యాసంలో ప్రస్తావించలేదని.

"ఆ ఆరూ ఎవరు రాసినవి నాయనా?" అంది ఆదిశేషమ్మ.

"ఒక ప్రొఫెసరుగారు రాసినవే అత్తా, ఆరూ."

"ఈ రెండో ఆయన పేరేంది?"

"అది చెప్పరు. రహస్యం."

"ఆరు పుస్తకాలూ ఒకాయనవే అయితే ఇంకా దాచిందేంది?"

కిషోర్ బాబు నవ్వలేదు. ఆరూ చేర్చాడు. నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. మా రేవులో చేప కొనే దళారి కూడా తన బావమరిది దగ్గర ఐసు తీసుకుంటేనే తూకం వేస్తాడు.

తర్వాత డీన్‌గారు వచ్చారు. అంటే మా ఊరికి కాదు, వ్యాసంలోకి. ఆయన పేరు మొదట, కిషోర్ బాబు పేరు తర్వాత. మేం పట్టిన చేపను పాళ్ళు వేస్తాం. మనిషికో పాలు, వలకో పాలు, పడవకో పాలు. డీన్‌గారు నీళ్ళలో దిగలేదు, వల ముట్టలేదు. కాలేజీ ఆయనది కాబట్టి పడవ పాలు తీసుకున్నారు. మా దగ్గర పడవ పాలు తీసుకునేవాడు కనీసం ఏడాదికొకసారి తారైనా పూస్తాడు.

వ్యాసం వేసుకుంటామని ఏప్రిల్‌లో పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. కాలేజీ గేటు ముందు ఫ్లెక్సీ కట్టారు. డీన్‌గారి ముఖం పడవ తెరచాపంత ఉంది. కిషోర్ బాబు ముఖం ఒక మూల, పాసుపోర్టు సైజులో. రెజీనా దాన్ని ఫోనులో అందరికీ చూపించింది. కామాక్షయ్య ఆ మూలను వేళ్ళతో పెద్దది చేసి చూసి, "మనోడు చిక్కినాడే" అన్నాడు.

ఆ ఉత్తరం చివర్లో ఒక పేరా ఉంది. అందరూ పై భాగం చదివి సంబరపడి దాన్ని వదిలేశారు. అచ్చు వేసే ముందు పత్రిక తరఫున ఒకరు వచ్చి, పది ఇళ్ళలో అడిగి, సమాచారం సరిచూసుకుంటారు. చెన్నైలో ఒక విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ సాయిలక్ష్మి వస్తారు. తేదీ మే పద్దెనిమిది.

మా పాడు పదకొండున జరగాల్సింది. శ్రీహరికోటలో రాకెట్ ఉందని ఆ రోజు నీళ్ళలోకి పడవలు దించనివ్వలేదు. పెద్దలు కూర్చుని పాడును వారం వాయిదా వేశారు. పద్దెనిమిదికి.

కిషోర్ బాబు పరుగెత్తుకుంటూ వచ్చాడు. అవతలి కుప్పం వాళ్ళు ఆ రోజు మనతో కలిసి కూర్చుని చీట్లు తీసి, భోంచేసి పోతారు. వచ్చే ఆవిడ అది చూస్తుంది. చూస్తే వ్యాసం పోతుంది, ఉద్యోగం పోతుంది.

కామాక్షయ్య చుట్ట వెలిగించుకున్నాడు. "దానికింత గాబరా ఎందుకు నాయనా? ఒక్కపూట కొట్లాటే గదా. పెట్టుకుందాం. ఓబయ్యా, నువ్వు పోయి వాళ్ళకు చెప్పిరా."

ఎక్కువ మాట్లాడనివాడినని నన్ను పంపారు.

అవతలి కుప్పం పెద్ద శివ. ఆయనది తమిళం కలిసిన తెలుగు. నేను చెప్పింది మొత్తం విని వక్కాకు నోట్లో పెట్టుకున్నాడు.

"సరేన్నా. ఇంతకీ గెలిచేది ఎవరు?"

"మీరే. వ్యాసంలో మీరే గెలిచుండారు. మేం నష్టపోయినాం."

"అట్లనా." సంతోషించినట్టే కనిపించాడు. "అప్పుడు కోపం ఎవరికి ఉండాల?"

"మాకు. మీకు పొగరుండాల."

"పొగరంటే ఎట్ల చేసేది?"

ఆలోచించాను. "రేవులో దిగేటప్పుడు మమ్మల్ని వక్కాకు అడగబాకండి."

"అది కష్టంన్నా. మా వాళ్ళు దానికే వచ్చేది." కాసేపు నమిలాడు. "భోజనం?"

"భోజనం మామూలే. ఆమె పోయినాక."

"మీ అల్లుడు మాకూ అల్లుడే. వస్తాం" అన్నాడు. లేచి వచ్చేటప్పుడు వెనక నుంచి కేకేశాడు. "పొగరుకు మీసం ఉన్నోళ్ళను తెస్తాలే."

పద్దెనిమిది పొద్దున సాయిలక్ష్మి సూళ్ళూరుపేట నుంచి ఆటోలో దిగింది. నలభై ఏళ్ళుంటాయి. గొడుగు, ఒక నోటుపుస్తకం. చెన్నై నుంచి వచ్చేది ఎవరో తెలుగు రాని మనిషి అనుకుని కిషోర్ బాబు అనువాదానికి సిద్ధమై ఉన్నాడు.

"మాది బుచ్చిరెడ్డిపాలెమండి" అంది ఆమె. "మా నాయనకు వడ్ల మండీ ఉండేది. బస్తా మీద చెయ్యి పెట్టి తడి ఎంతుందో చెప్పేవాడు."

కిషోర్ బాబు అనువాదానికి తెచ్చుకున్న కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆమె పది ఇళ్ళకు పోయింది. ప్రతి ఇంట్లోనూ పాఠంలా అప్పజెప్పారు. మూడో ఇంట్లో ఎన్ని వలలు పోయాయని అడిగితే, ఇంటావిడ నోరు తెరిచే లోపల పక్కింటావిడ గోడ మీద నుంచి అందించింది. ఆదిశేషమ్మ ఇంట్లో బందీగా ఉన్నాయన స్వయంగా మంచం మీద కూర్చుని ఉన్నాడు. మూడు రోజులు ఏం పెట్టారని ఆమె అడిగింది. "మజ్జిగ" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కృతజ్ఞత కనిపించింది. సాయిలక్ష్మి అన్నీ రాసుకుంది. ఏమీ అనలేదు. మాట్లాడని మనిషిని చూస్తే ఎంత భయమో నాకు అప్పుడు తెలిసింది.

పది గంటలకు అవతలి పడవలు వచ్చాయి. శివ అన్నంత పనీ చేశాడు. ముందు పడవలో ఆరుగురు మీసాల వాళ్ళు, ఎండకు కళ్ళు చికిలించి, పొగరుగా నిలబడి ఉన్నారు. ఎవరూ వక్కాకు అడగలేదు. కామాక్షయ్య ముందుకు పోయి, "మా వలలు చించి మళ్ళా ఏ మొహం పెట్టుకుని వస్తిరి" అన్నాడు. శివ తమిళంలో ఏదో గట్టిగా అన్నాడు. ఎండ ఎక్కువగా ఉంది, పాక కింద కూర్చుందామా అని దాని అర్థం. ఆదిశేషమ్మ పుట్టిల్లు అవతలి కుప్పమే, వాళ్ళన్న ఆ పడవలోనే ఉన్నాడు. ఆమె గబగబా ఎదురు పోయి, "మోకాలి నొప్పి తగ్గిందాన్నా" అని, మధ్యలో గుర్తొచ్చి, "నీ మొహం చూడను పో" అని వెనక్కి తిరిగింది. ఆ పెద్దాయన నిజంగానే నొచ్చుకున్నాడు. ఆ రోజు జరిగిన నష్టం అదొక్కటే.

కొట్లాట ఒక బీడీ కాలేంత సేపు నడిచింది.

"అయిపోయిందాండీ?" అంది సాయిలక్ష్మి.

కామాక్షయ్య తల పైకెత్తి ఎండ చూశాడు. పాడుకు వేళయింది.

ఇసుకలో చాపలు పరిచారు. అటు వాళ్ళు, ఇటు వాళ్ళు, మధ్యలో మూతికి గుడ్డ కట్టిన కుండ. అందులో చీట్లు. ఊరి అల్లుడు కాబట్టి కిషోర్ బాబును ముందు చాప మీద, నా పక్కన కూర్చోబెట్టారు. సాయిలక్ష్మికి స్టూలు వేశారు. కామాక్షయ్య కాళ్ళు కడుక్కుని వచ్చి కుండ దగ్గర నిలబడ్డాడు. అప్పుడు గానీ మాలో ఎవరికీ గుర్తు రాలేదు. కొట్లాటకు మనుషుల్ని పిలిచాం, మీసాలను పిలిచాం, భోజనానికి ఏర్పాటు చేశాం. ప్రశ్న సంగతి మరిచిపోయాం.

చీట్లు తీసే ముందు పెద్ద మూడుసార్లు అడుగుతాడు. కూర్చున్నవాళ్ళలో ఎవరి మనసులోనైనా మాట ఉంటే మూడోసారి లోపల పైకి చెప్పెయ్యాలి. దాచుకుని చీటీ తీస్తే అది చెల్లదు. ఆ ఏడాది రెండు ఊళ్ళకూ వంతులు లేనట్టే. దాచుకున్న ఏడాది ఏం జరిగిందో చెప్పే కథలు మా ముసలివాళ్ళ దగ్గర చాలా ఉన్నాయి. అన్నీ నీళ్ళ మీద పోయినవాళ్ళ కథలే. ఫారంలో ఎన్ని అబద్ధాలైనా చెబుతాం. కుండ ముందు చెప్పం.

"ఎవరికన్నా మనసులో మాట ఉండాదా?" కామాక్షయ్య కుండ మీద చెయ్యి పెట్టి అడిగాడు.

నూట పన్నెండు వలలు పోయినవాళ్ళు ఇసుకలోకి చూస్తున్నారు. ముప్పై ఒక్క పడవలు పగిలినవాళ్ళు నీళ్ళలోకి చూస్తున్నారు.

"ఎవరికన్నా మనసులో మాట ఉండాదా?"

సాయిలక్ష్మి కలం ఆగింది. మా ముఖాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి కిషోర్ బాబు దగ్గర నిలిచింది.

నేను ఆయన వైపు వంగాను. "నాయనా, ఇంకొక్కసారి అడగతాడు. అంతే."

"నాకెందుకు మామా? నేను వల వేసేవాణ్ణి కాదు కదా."

"చాప మీద కూర్చున్నావు."

ఆయన స్టూలు వైపు ఒకసారి చూశాడు. "చెబితే నా ఉద్యోగం ఇక్కడే, ఈ ఇసుకలోనే పోతుంది."

"ఊఁ."

"చెప్పకపోతే?"

"చీటీ చెల్లదు. రెండు ఊళ్ళకు."

ఆమె వినేంత దూరంలోనే ఉంది. వినిందో లేదో తెలియదు. కిషోర్ బాబు కుండకేసి చూశాడు. దాని మూతికి కట్టిన గుడ్డ ఆదిశేషమ్మ పాత చీర ముక్క. ఇంత చిన్న కుండ మీద అంత పెద్ద పత్రికకు వ్యాసం రాశానా అని అనుకున్నాడో ఏమో.

కామాక్షయ్య మూడోసారి అడిగాడు.

"ఉంది" అని కిషోర్ బాబు లేచాడు. ప్యాంటుకు అంటిన ఇసుక దులుపుకున్నాడు. క్లాసులో నిలబడ్డట్టు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఈ రెండు ఊళ్ళకూ తగాదా లేదు. నాకు కావాలని అడిగాను. లేదనలేక ఇచ్చారు. అబద్ధమని నాకు తెలుసు. తెలిసే రాశాను. తప్పు ఫారాలు నింపినవాళ్ళది కాదు, నాది."

శివ వక్కాకు సంచి తీశాడు.

"తెలుసులే సార్. కొట్లాటకు మమ్మల్ని పిలిచింది మీ మామే గదా." మీసాల వాళ్ళు ఆ మాటతో పొగరు వదిలేసి చాపల మీద వెనక్కి వాలారు. వక్కాకు చేతులు మారింది.

"చెప్పినాడు. సరిపాయ" అన్నాడు కామాక్షయ్య. మాట చెప్పినవాడే మొదటి చీటీ తియ్యాలి. కిషోర్ బాబు కుండలో చెయ్యి పెట్టి తీశాడు. మంచి వంతు, సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర రొయ్య ఎక్కే మొదటి వారం, అవతలి కుప్పానికి పడింది. వ్యాసంలో కూడా వాళ్ళే గెలిచారు. మొత్తం మీద ఆ ఒక్క సంగతిలో వ్యాసం నిజమైంది.

సాయిలక్ష్మి వెంటనే పోలేదు. మాతో పాటు విస్తరి ముందు కూర్చుంది. పులుసు రెండోసారి వేయించుకుంది. చెయ్యి కడుక్కున్నాక కిషోర్ బాబుతో, "చూసింది చూసినట్టు రాయాలి నేను" అంది.

"రాయండి మేడమ్."

"మీ మొదటి వ్యాసం, తగాదా లేనిది, నేను చదివాను. చెప్పకూడదు, అయినా చెబుతున్నాను. బాగుందని రాసింది నేనే. ఇందాకటి ప్రశ్న అందులో లేదేం? అసలు సంగతే అది కదా."

కిషోర్ బాబు నా వైపు తిరిగాడు. "మీరు నాకు ఈ ప్రశ్న గురించి చెప్పనే లేదు మామా."

"నువ్వు అడగలేదు."

"అడిగినదానికైనా ఒక్కసారే చెప్పారు."

ఈసారి నేను ఊరుకున్నది అలవాటు కొద్దీ కాదు.

ఆమె చూసింది చూసినట్టే రాసింది. వ్యాసం పోయింది. డీన్‌గారు వెంటనే పత్రికకు ఉత్తరం పెట్టారు. ఆ వ్యాసంతో తనకేమీ సంబంధం లేదనీ, తాను ఏనాడూ పులికాట్ చూడలేదనీ. మొత్తం వ్యవహారంలో అచ్చుకెక్కదగ్గ నిజమైన వాక్యం అదొక్కటే. నీళ్ళెక్కిన పడవకు పడవ పాలు ఎవరూ అడగరు. జూన్ ఒకటిన కిషోర్ బాబు కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ స్థానంలోకి వచ్చినాయన తొమ్మిది వ్యాసాలు చూపించాడట. ఏ ఊరి అల్లుడో తెలియదు.

గేటు ముందు ఫ్లెక్సీని కాలేజీవాళ్ళు విప్పి పడేస్తుంటే రెజీనా అడిగి తెచ్చింది. మంచి గట్టి సరుకు. వాన వస్తే ఎండుచేపల మీద కప్పుతున్నాం. డీన్‌గారు మొదటిసారి మా ఊరికి పనికొచ్చారు.

కిషోర్ బాబు ఇప్పుడు నాయుడుపేటలో ఒక కోచింగ్ సెంటరులో చెబుతున్నాడు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వస్తాడు. మొదటి వ్యాసాన్ని తీసి, ప్రశ్న సంగతి చేర్చి, జరిగిన తప్పు కూడా కింద రాసి, అదే పత్రికకు పంపాడు. వాళ్ళు చదవకుండానే తిప్పి పంపుతారనుకున్నాం. చదివారు. అది అచ్చయితే తిరుపతిలో ఒక కాలేజీ ఆలోచిస్తామంది. ఆలోచించడానికి వాళ్ళకు వ్యాసం కావాలి.

వానలు వెనకపట్టు పట్టిన తర్వాత జవాబు వచ్చింది. ఒక ఆదివారం రేవుకు తెచ్చాడు. నేను పడవ కింద కూర్చుని ఉన్నాను. ఆదిశేషమ్మ ఎప్పటిలాగే ఎండుచేపల దగ్గర.

"మొదటి ఆవిడ బాగుందన్నారు" అన్నాడు.

"రెండో ఆయన?"

కాగితం విప్పి తెలుగు చేసి చదివాడు. "ఆసక్తికరంగా ఉంది. అయితే ఈ రెండు సమూహాల మధ్య ఘర్షణ లేదనడానికి ఆధారం ఏమిటి?"

ఆదిశేషమ్మ ఒక చేపను దులిపి గంపలో వేసింది. "కొట్లాట ఉందంటే ఆధారం అడగలా. లేదంటే అడగతాడా? ఆయనకు కొట్లాడేదానికి వాళ్ళ ఊళ్ళో ఎవురూ దొరకలేదా నాయనా?"

"ఇదే ఆఖరి సవరణ అత్తా. నెలలోపల పంపాలి." ఫోను తీసి, రికార్డు నొక్కి, పడవ అంచు మీద పెట్టాడు. నోటుపుస్తకం విప్పాడు. నన్ను ఎన్నడూ చూడనివాడిలా, పద్ధతిగా అడిగాడు.

"మీకూ అవతలి కుప్పం వాళ్ళకూ ఎప్పుడైనా కొట్లాట జరిగిందా?"

"లేదు."

రాసుకున్నాడు. "బాగా ఆలోచించి చెప్పండి."

దూరంగా శివ వాళ్ళ పడవలు వల లాగుతున్నాయి. ఆ వారం వంతు వాళ్ళది. ముందు పడవలో ఎవరో మా వైపు చెయ్యెత్తారు, వక్కాకు ఉందా అన్నట్టు. నేను ఆలోచించాను. ఆయన కలం ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"లేదు" అన్నాను.

అది కూడా రాసుకున్నాడు.